స్కిజోఫ్రీనియా రోగుల సంరక్షకులకు మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ

స్కిజోఫ్రీనియా అనే దీర్ఘకాలిక మానసిక వ్యాధితో జీవిస్తున్న వారిని ఇంటివద్ద చూసుకొనే తల్లిదండ్రులు, జీవిత భాగస్వాములు, తోబుట్టువులు, సంతానం తీవ్రమైన మానసిక ఒత్తిడికి గురవుతుంటారు. ఆ ఒత్తిడిని తగ్గించడానికి ఉపయోగిస్తున్న పద్ధతులలో మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ ఒకటి. ప్రస్తుత క్షణంలో తన శరీరంలోను, మనసులోను, పరిసరాలలోను జరుగుతున్నదానిని మంచి చెడుల తీర్పు లేకుండా గమనించడమే మైండ్‌ఫుల్‌నెస్. తెలుగులో దీనిని సావధానత, ఎరుక అనే మాటలతో వ్యవహరిస్తారు. ఈ శిక్షణ సాధారణంగా 8 వారాలపాటు చిన్న బృందాలలో జరుగుతుంది.

ఈ శిక్షణ రోగికి ఇచ్చే చికిత్స కాదు. ఇది వ్యాధిని నయం చేయదు, సంరక్షకుల పనిని తగ్గించదు. ఒక కష్టమైన సంఘటనకు, దానికి సంరక్షకులు స్పందించే తీరుకు మధ్య కొంత వ్యవధిని కల్పించడం దీని ప్రధాన ప్రయోజనం. అందుచేత దీనిని మందులకు, వైద్య సలహాకు, ఆర్థిక సహాయానికి, విశ్రాంతికి తోడుగానే తప్ప వాటికి బదులుగా వాడరాదని నిపుణులు చెబుతారు.

నేపథ్యం

స్విట్జర్లాండుకు చెందిన మనోవైద్యుడు యూజెన్ బ్లూలర్ 1908లో స్కిజోఫ్రీనియా అనే పదాన్ని ప్రవేశపెట్టాడు. చీలిక, మనసు అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాలనుండి ఇది ఏర్పడింది. తెలుగులో మనోవైకల్యం అనే పేరు కూడా వాడుకలో ఉంది. ఒకే మనిషిలో ఇద్దరు వ్యక్తులు ఉండడం ఈ వ్యాధి లక్షణమని చాలామంది భావిస్తారు కాని అది పొరపాటు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 2.4 కోట్ల మంది, అనగా ప్రతి 300 మందిలో ఒకరు, ఈ వ్యాధితో బాధపడుతున్నారు. భారతదేశంలో 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జీవితకాలంలో ఎప్పుడైనా స్కిజోఫ్రీనియా లేదా ఆ కోవకు చెందిన ఇతర మానసిక వ్యాధులకు లోనైన వయోజనులు సుమారు 1.4 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ 12 రాష్ట్రాలలో లేవు.

ఈ వ్యాధి ఎక్కువగా యౌవనంలో, అనగా చదువు పూర్తిచేసి ఉద్యోగం, వివాహం వంటి బాధ్యతలలోనికి ప్రవేశించే వయసులో మొదలవుతుంది. పురుషులలో స్త్రీలకంటే కొంత ముందుగా కనిపిస్తుంది. వ్యాధి లక్షణాలను స్థూలంగా రెండు వర్గాలుగా చెప్పవచ్చు.

* ప్రస్ఫుట లక్షణాలు: ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం వంటి భ్రాంతులు, తనకు ఎవరో హాని తలపెట్టారని నమ్మడం వంటి భ్రమలు, పొంతన లేని మాటలు.
* లోప లక్షణాలు: ఉత్సాహం, చొరవ నశించడం, మాటలు తగ్గిపోవడం, ముఖంలో భావాలు కనిపించకపోవడం, స్నానం వంటి నిత్యకృత్యాలపై శ్రద్ధ లేకపోవడం, నలుగురికీ దూరంగా ఉండడం.

1950ల ఆరంభంలో క్లోర్‌ప్రోమజిన్ అనే మందు వాడుకలోకి వచ్చిన తరువాత ప్రస్ఫుట లక్షణాలను అదుపులో ఉంచడం సాధ్యమైంది. పాశ్చాత్య దేశాలలో ఎంతోమంది ఆసుపత్రులనుండి ఇళ్ళకు తిరిగివచ్చారు. దానితోపాటు వారిని చూసుకొనే బాధ్యత కూడా ఆసుపత్రినుండి కుటుంబానికి మారింది. అయితే మందులు లోప లక్షణాలపై అంతగా పనిచేయవు. కుటుంబంవారు ఏళ్ళ తరబడి ఎదుర్కొనేది ఎక్కువగా ఈ లోప లక్షణాలనే.

భారతదేశంలో రోగులలో అత్యధికులు మొదటినుండి కుటుంబంతోనే జీవిస్తున్నారు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి రోగులతోపాటు బంధువులను కూడా ఉండనిచ్చాడు. చికిత్సలో కుటుంబాన్ని భాగస్వామిగా చేసుకొన్న తొలి ప్రయత్నాలలో ఇది ఒకటిగా పేరుపొందింది.

సంరక్షకుల భారం

మానసిక రోగి వలన కుటుంబంపై పడే ప్రభావాన్ని ఇంగ్లండులో గ్రాడ్, సైన్స్‌బరీ 1963లో అధ్యయనం చేశారు. 1966లో హోనిగ్, హామిల్టన్ అనే పరిశోధకులు ఈ భారాన్ని రెండు విధాలుగా విభజించారు. ఈ విభజన నేటికీ వాడుకలో ఉంది.

* వస్తుగత భారం: బయటకు కనిపించేది, లెక్కించగలిగేది. వైద్యఖర్చు, పోగొట్టుకొన్న జీతం, చెడిన నిద్ర, ఇంట్లో తగాదాలు, ఆగిపోయిన చదువులు, పెళ్ళిళ్ళు మొదలైనవి.
* అనుభూత భారం: ఆ పరిస్థితిని సంరక్షకులు తమ మనసులో ఎంత బరువుగా అనుభవిస్తున్నారన్నది. దిగులు, కోపం, సిగ్గు, అపరాధభావం, భవిష్యత్తు గురించిన భయం మొదలైనవి.

ఈ రెండూ ఎల్లప్పుడూ ఒకే స్థాయిలో ఉండవు. సమానమైన పని, సమానమైన ఖర్చు ఉన్న రెండు కుటుంబాలలో అనుభూత భారం వేరువేరుగా ఉండవచ్చు. మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ ప్రభావం చూపగలిగేది ప్రధానంగా ఈ రెండవదానిపైనే.

భారాన్ని కొలవడానికి అనేక ప్రశ్నావళులు ఉన్నాయి. వృద్ధుల సంరక్షకుల కోసం 1980లో రూపొందిన జారిట్ ప్రశ్నావళిని తరువాత ఇతర వ్యాధులకు కూడా వాడుతున్నారు. 22 ప్రశ్నలున్న దాని రూపంలో మార్కులు 0నుండి 88వరకు ఉంటాయి. భారతీయ కుటుంబాల పరిస్థితులకు తగినట్లుగా పాయ్, కపూర్ 1981లో ఒక ఇంటర్వ్యూ పద్ధతిని ప్రచురించారు. చెన్నైలోని స్కిజోఫ్రీనియా రిసెర్చ్ ఫౌండేషన్ 40 ప్రశ్నలతో మరొక కొలమానాన్ని తయారుచేసి 1998లో ప్రచురించింది. స్కార్ఫ్ అనే పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఈ సంస్థను డాక్టర్ ఎం.శారదా మీనన్ 1984లో స్థాపించారు.

సంరక్షకుల ఒత్తిడికి ముఖ్యమైన కారణాలు:

* వ్యాధి ఎప్పుడు తిరగబెడుతుందో తెలియకపోవడం.
* రోగి తనకు వ్యాధి లేదని నమ్మి మందులు మానివేయడం.
* ఇరుగుపొరుగువారి, బంధువుల చిన్నచూపు. ఇంట్లో మానసిక రోగి ఉన్నట్లు తెలిస్తే మిగిలిన పిల్లల పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయనే భయంతో కుటుంబాలు విషయాన్ని దాచిపెడతాయి. దానితో సహాయం అడిగే దారి కూడా మూసుకుపోతుంది.
* తమ పెంపకం వలననే ఇలా జరిగిందనే అపరాధభావం. పెంపకలోపం స్కిజోఫ్రీనియాకు కారణమన్న వాదాన్ని వైద్యశాస్త్రం తోసిపుచ్చింది.
* దయ్యం పట్టిందని, చేతబడి జరిగిందని నమ్మి భూతవైద్యులచుట్టూ తిరిగి సొమ్ము, కాలం పోగొట్టుకోవడం, తరువాత అందుకు బాధపడడం.
* తమ తదనంతరం రోగిని ఎవరు చూస్తారన్న ప్రశ్న. వయసుమీరిన తల్లిదండ్రులలో ఇది తరచుగా మిగిలిన ఆందోళనలన్నిటికంటే పెద్దది.

సంరక్షణ భారం చాలా ఇళ్ళలో స్త్రీలపైనే ఎక్కువగా పడుతుంది. దీర్ఘకాలిక ఒత్తిడివలన సంరక్షకులలో నిద్రలేమి, కుంగుబాటు, ఆందోళన కలగవచ్చు.

కుటుంబ వాతావరణం, వ్యాధి తిరగబెట్టడం

సంరక్షకుల మానసిక స్థితి రోగి ఆరోగ్యంతో కూడా ముడిపడి ఉంది. లండనులో జార్జ్ బ్రౌన్, అతని సహచరులు 1958లో ప్రచురించిన అధ్యయనంలో ఒక అనుకోని విషయం బయటపడింది. ఆసుపత్రినుండి తల్లిదండ్రుల వద్దకు, భార్యల వద్దకు తిరిగి వెళ్ళినవారికంటే అద్దె గదులలో, తోబుట్టువుల వద్ద ఉన్నవారు మెరుగ్గా ఉన్నారు. దీనికి కారణం వెదికే క్రమంలో ఎక్స్‌ప్రెస్డ్ ఎమోషన్ అనే భావన ఏర్పడింది. దీనిని తెలుగులో వ్యక్తీకృత భావోద్వేగం అనవచ్చు. ఇందులో ముఖ్యమైనవి మూడు: విమర్శ, ద్వేషభావం, మితిమీరిన జోక్యంతో కూడిన ఆపేక్ష.

క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ 1976లో ప్రచురించిన వ్యాసంలో తమ ఫలితాలను బ్రౌన్ బృందపు 1972నాటి ఫలితాలతో కలిపి విశ్లేషించారు. ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన తరువాత 9 నెలలలో, వ్యక్తీకృత భావోద్వేగం ఎక్కువగా ఉన్న ఇళ్ళలోని రోగులలో సుమారు 51 శాతం మందికి, తక్కువగా ఉన్న ఇళ్ళలో సుమారు 13 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. చండీగఢ్‌లో జరిపి 1987లో ప్రచురించిన అధ్యయనంలో వ్యక్తీకృత భావోద్వేగం ఎక్కువగా ఉన్న బంధువుల శాతం లండనులోకంటే చాలా తక్కువగా ఉన్నట్లు తేలింది.

ఈ ఫలితాలను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. కుటుంబం వలన వ్యాధి వచ్చిందని ఇవి చెప్పవు. తీవ్రమైన లక్షణాలున్న వ్యక్తితో జీవించడంవలన కుటుంబంలో విసుగు పెరుగుతుంది, ఆ విసుగు రోగిని మరింత కలతపెడుతుంది. ఇది రెండు వైపులా సాగే వలయం. విమర్శలలో అధికభాగం భ్రాంతులు, భ్రమల గురించి కాక, రోగి ఏ పనీ చేయకపోవడం, మాట్లాడకపోవడం వంటివాటి గురించే ఉంటాయని పరిశోధకులు గమనించారు. అనగా లోప లక్షణాలను బంధువులు సోమరితనంగానో మొండితనంగానో భావిస్తున్నారన్నమాట. ఆ తరువాత వచ్చిన కుటుంబ చికిత్సా పద్ధతులన్నీ ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచే ప్రయత్నాలే.

మైండ్‌ఫుల్‌నెస్ పుట్టుపూర్వోత్తరాలు

మైండ్‌ఫుల్‌నెస్ అనే ఆంగ్లపదాన్ని పాళీ భాషలోని సతి అనే బౌద్ధ పారిభాషిక పదానికి అనువాదంగా టి.డబ్ల్యు. రైస్ డేవిడ్స్ 1881లో వాడాడు. సతి అనగా సంస్కృతంలో స్మృతి. శరీరం, వేదనలు, చిత్తం, ధర్మాలు అనే నాలుగింటిని గమనించే సాధనను బౌద్ధంలోని సతిపట్ఠాన సుత్తం వివరిస్తుంది. 20వ శతాబ్దంలో బర్మాకు చెందిన లేడీ సయాడో, మహాసీ సయాడో వంటి భిక్షువుల పరంపరలద్వారా ఈ సాధన సామాన్య గృహస్థులలో కూడా వ్యాపించింది.

దీనిని మతంతో సంబంధం లేని వైద్య కార్యక్రమంగా మలచినవాడు అమెరికాకు చెందిన జాన్ కబాట్-జిన్. అణుజీవశాస్త్రంలో పట్టా పొందిన ఇతడు 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగులకోసం ఒక శిక్షణను ప్రారంభించాడు. విపస్సన, జెన్ ధ్యానపద్ధతులను, హఠయోగాన్ని కలిపి రూపొందించిన ఆ శిక్షణ మైండ్‌ఫుల్‌నెస్ ఆధారిత ఒత్తిడి ఉపశమన కార్యక్రమంగా పేరుపొందింది. ఆంగ్ల అక్షరాల పొట్టిపేరు ఎంబిఎస్‌ఆర్. తరువాత సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు కుంగుబాటు తిరగబెట్టకుండా ఉండడానికి ఎంబిసిటి అనే మరొక కార్యక్రమాన్ని తయారుచేసి 2002లో పుస్తకరూపంలో వెలువరించారు. సంరక్షకులకిచ్చే శిక్షణలలో అధికభాగం ఈ రెండింటికి మార్పులు చేసి రూపొందించినవే.

శిక్షణ స్వరూపం

ఎంబిఎస్‌ఆర్ కార్యక్రమంలో 8 వారాలపాటు వారానికి ఒకసారి సుమారు రెండున్నర గంటల తరగతి ఉంటుంది. ఆరవ వారం ప్రాంతంలో ఒక పూర్తి రోజు మౌనంగా సాధన చేస్తారు. ఇంటివద్ద రోజుకు సుమారు 45 నిమిషాలు అభ్యాసం చేయవలసి ఉంటుంది. ఇందులోని ముఖ్యమైన అభ్యాసాలు:

* ఎండుద్రాక్ష అభ్యాసం: ఒకే ఒక ఎండుద్రాక్షను చూసి, తాకి, వాసన చూసి, నెమ్మదిగా నమిలి తినడం. అలవాటుగా యాంత్రికంగా చేసే పనికి, గమనిస్తూ చేసే పనికి గల తేడాను ఇది మొదటి తరగతిలోనే చూపుతుంది.
* శరీర పరిశీలన: పడుకొని గాని, కూర్చొని గాని పాదాలనుండి తలవరకు ఒక్కొక్క భాగంలోని అనుభూతిని వరుసగా గమనించడం.
* శ్వాసపై ధ్యాస: శ్వాసను మార్చకుండా, వస్తూ పోతూ ఉన్నదానిని ఉన్నట్లుగా గమనించడం. మనసు పక్కకు పోయినప్పుడు తనను తాను నిందించుకోకుండా తిరిగి శ్వాసవద్దకు తీసుకురావడం.
* నెమ్మదైన యోగాసనాలు, నడకలో ధ్యానం.
* మూడు నిమిషాల విరామం: ఎంబిసిటిలోని ఈ అభ్యాసంలో మొదట ప్రస్తుతం మనసులో ఏమున్నదో గుర్తించి, తరువాత ధ్యాసను శ్వాసపై నిలిపి, చివరకు ఆ ధ్యాసను శరీరమంతటికీ విస్తరింపజేస్తారు.

సంరక్షకులకోసం చేసే మార్పులు

రోగిని ఒంటరిగా వదిలి రాలేని వారికి పై నియమాలు యథాతథంగా కుదరవు. అందువలన తరగతులను కుదించడం, రోగి పగటి సంరక్షణ కేంద్రంలో ఉన్న సమయంలోనో ఆసుపత్రికి వచ్చిన రోజునో నిర్వహించడం, ఇంటి అభ్యాసాన్ని 10 లేదా 15 నిమిషాలకు తగ్గించడం వంటి మార్పులు చేస్తారు. అంట్లు తోమడం, కూరగాయలు తరగడం, బస్సుకోసం నిలబడడం వంటి నిత్యకృత్యాలనే అభ్యాసంగా మార్చుకోవడం నేర్పుతారు. ఇంట్లో ఎప్పుడు ఏమి జరుగుతుందో అన్న ఆందోళనతో కళ్ళు మూసుకోలేని వారు కళ్ళు తెరిచే సాధన చేయవచ్చు.

మరొక ముఖ్యమైన మార్పు వ్యాధి గురించిన బోధనను చేర్చడం. లక్షణాలు, మందులు, వాటి దుష్ప్రభావాలు, వ్యాధి తిరగబెట్టే ముందు కనిపించే సూచనలు మొదలైనవాటిని వివరించడాన్ని కుటుంబ మనోవిద్య అంటారు. హాంగ్‌కాంగ్‌లో మైండ్‌ఫుల్‌నెస్‌ను కుటుంబ మనోవిద్యతో కలిపి, మానసిక వ్యాధి సోకిన యువతీయువకుల సంరక్షకులకోసం ఒక కార్యక్రమాన్ని రూపొందించి సాధారణ కుటుంబ మనోవిద్యతో పోల్చి పరీక్షించారు.

బృందంగా నేర్చుకోవడంలో కూడా ప్రయోజనం ఉంది. ఇంటి విషయాన్ని ఏళ్ళ తరబడి దాచుకొన్నవారు అదే స్థితిలో ఉన్న పదిమందితో కూర్చోవడంతోనే కొంత ఊరట పొందుతారు.

పనిచేసే విధానం

ఒక సాధారణ ఉదాహరణ చూద్దాం. వ్యాధి ఉన్న కొడుకు మధ్యాహ్నం పన్నెండు దాటినా మంచం దిగలేదు. ఉదయంనుండి ఇంటిపని చేస్తున్న తల్లికి మొదట గుండె వేగం పెరుగుతుంది, దవడ బిగుసుకుంటుంది. కావాలనే ఇలా చేస్తున్నాడన్న తలపు వస్తుంది. ఆపై కఠినమైన మాట వస్తుంది. కొడుకు మరింతగా ముడుచుకుపోతాడు, లేదా ఎదురుతిరుగుతాడు. కొంతసేపటికి తల్లి తాను అన్న మాటకు తానే బాధపడుతుంది.

చొరవ లేకపోవడం వ్యాధి లక్షణమని ఆ తల్లి డాక్టరువద్ద విని ఉండవచ్చు. కాని కోపం వచ్చిన క్షణంలో ఆ జ్ఞానం గుర్తుకు రాదు. శిక్షణలో అభ్యాసం చేసేది ఆ క్షణాన్నే. దవడ బిగిసిందని, కోపం వచ్చిందని గుర్తించడం మొదటి మెట్టు. కావాలనే చేస్తున్నాడన్నది తన మనసులో పుట్టిన తలపు మాత్రమేనని, అది నిరూపితమైన నిజం కాదని గుర్తించడం రెండవ మెట్టు. ఒకటి రెండు శ్వాసల తరువాత ఏమి చేయాలో ఎంచుకోవడం మూడవ మెట్టు. ఆమె అప్పుడు కూడా కొడుకును నిద్ర లేపవచ్చు, గట్టిగా చెప్పవచ్చు కూడా. కాని అది విసుగులో జారిన మాట కాక ఆలోచించి చెప్పిన మాట అవుతుంది.

ఈ విధంగా మనోవిద్య ఇచ్చే జ్ఞానం, మైండ్‌ఫుల్‌నెస్ ఇచ్చే వ్యవధి ఒకదానికొకటి తోడ్పడతాయి. వీటితోపాటు మరి రెండు ప్రయోజనాలను పరిశోధకులు పేర్కొంటారు. మొదటిది, రేపు ఏమవుతుందో అన్న చింతలో, నిన్న ఏమి పొరపాటు చేశామో అన్న చింతలో మనసు తిరుగాడడం తగ్గడం. రెండవది, తనపట్ల తాను దయతో ఉండడం. రోగికి విశ్రాంతి అవసరమని ఒప్పుకొని, తనకు కూడా అవసరమని ఒప్పుకోలేని సంరక్షకులకు ఇది చాలా ముఖ్యం.

పరిశోధన ఫలితాలు

సంరక్షకులపై జరిగిన మైండ్‌ఫుల్‌నెస్ పరిశోధనలలో ఎక్కువభాగం డిమెన్షియా, క్యాన్సర్ వంటి వ్యాధులున్నవారి కుటుంబాలకు సంబంధించినవి. స్కిజోఫ్రీనియాకు ప్రత్యేకించిన అధ్యయనాలు తక్కువ.

* అమెరికాలో 78 మంది డిమెన్షియా సంరక్షకులపై వైట్‌బర్డ్ బృందం జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. సంరక్షణపై అవగాహన తరగతులు, సామాజిక తోడ్పాటు పొందినవారితో పోలిస్తే ఎంబిఎస్‌ఆర్ నేర్చుకొన్నవారిలో ఒత్తిడి, కుంగుబాటు ఎక్కువగా తగ్గాయి. అయితే సంరక్షణ భారం విషయంలో రెండు బృందాలకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.
* హాంగ్‌కాంగ్‌లో దీర్ఘవ్యాధులున్నవారి సంరక్షకులు 141 మందిపై జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. స్వయంసహాయక పుస్తకం చదివినవారికంటే ఎంబిఎస్‌ఆర్ పొందినవారిలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా తగ్గాయి.
* డిమెన్షియా సంరక్షకులపై జరిగిన 5 అధ్యయనాలను, మొత్తం 201 మంది ఫలితాలను, కోక్రేన్ సంస్థ 2018లో సమీక్షించింది. కుంగుబాటు, ఆందోళన కొద్దికాలంపాటు తగ్గవచ్చునని, అయితే సాక్ష్యం బలహీనంగా ఉన్నదని, భారం విషయంలో ఏమీ తేల్చి చెప్పలేమని పేర్కొంది.
* బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ నిమ్హాన్స్‌లో మానసిక రోగుల సంరక్షకులు 29 మందిపై యోగ శిక్షణ ప్రభావాన్ని పరీక్షించి 2013లో ప్రచురించారు. యోగ నేర్చుకొన్నవారిలో భారం తగ్గి, జీవన నాణ్యత మెరుగుపడింది. ఇది మైండ్‌ఫుల్‌నెస్ కాకపోయినా దగ్గరి సంబంధం గల పద్ధతి.

ఈ అధ్యయనాలలో పాల్గొన్నవారి సంఖ్య తక్కువ. తాము ఏ శిక్షణ పొందుతున్నదీ పాల్గొనేవారికి తెలుస్తుంది కనుక మందుల పరీక్షలలో వలె దానిని గోప్యంగా ఉంచడం కుదరదు. కొన్నిటిలో శిక్షణ ఫలితం ఎంత, బృందంలో కలిసి కూర్చోవడం వలన కలిగిన ఫలితం ఎంత అన్నది విడదీయడం కష్టం. శిక్షణ ముగిసిన తరువాత సాధన మానివేస్తే ప్రయోజనం ఎంతకాలం నిలుస్తుందన్నది మరొక ప్రశ్న. ఒత్తిడి తగ్గినా భారం అంతగా తగ్గకపోవడం తరచుగా కనిపించే ఫలితం. శిక్షణ స్వభావాన్నిబట్టి చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు.

పోలికకు చెప్పాలంటే, రోగికి వ్యాధి తిరగబెట్టడాన్ని తగ్గించడంలో కుటుంబ చికిత్సకు ఎక్కువ సాక్ష్యం ఉంది. బ్రిటనులోని నైస్ అనే సంస్థ 2014నాటి మార్గదర్శకాలలో రోగితో కలిసి జీవించే కుటుంబాలకు 3 నెలలనుండి ఒక సంవత్సరం వ్యవధిలో కనీసం 10 సమావేశాల కుటుంబ చికిత్సను సిఫారసు చేసింది.

భారతదేశంలో, తెలుగు రాష్ట్రాలలో

భారతదేశంలో ధ్యానం కొత్త విషయం కాదు. విపస్సన ఆచార్యుడు ఎస్.ఎన్.గోయెంకా పరంపరకు చెందిన ధమ్మఖేత్త కేంద్రం హైదరాబాదు శివార్లలో 1976లో ఏర్పడింది. అయితే విపస్సన శిబిరానికి, సంరక్షకులకిచ్చే శిక్షణకు భేదముంది. శిబిరం 10 రోజులు ఇల్లు వదిలి మౌనంగా ఉండవలసినది. రోగిని చూసుకొనే వారికి అది సాధారణంగా కుదరదు. తీవ్రమైన మానసిక వ్యాధులున్నవారు ఆ శిబిరాలలో చేరవద్దని నిర్వాహకులే సూచిస్తారు.

తెలుగు రాష్ట్రాలలో మానసిక వైద్యానికి ప్రభుత్వ రంగంలో హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ప్రధానమైనవి. బోధనాసుపత్రులలో కూడా మనోవైద్య విభాగాలు ఉన్నాయి. దూరపు గ్రామాలనుండి మందులకోసం వచ్చే కుటుంబాలు 8 వారాలపాటు ప్రతి వారం రావడం కష్టం. అందువలన ఇటువంటి శిక్షణ వారికి అందాలంటే తెలుగులో ధ్వనిముద్రణలు, ఫోనుద్వారా తరగతులు, దగ్గరలోని ఆరోగ్య కేంద్రాలలో క్లుప్తమైన కార్యక్రమాలు అవసరమవుతాయి.

చట్టపరంగా మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ముఖ్యమైనది. 2018 మే 29నుండి అమలులోకి వచ్చిన ఈ చట్టం ప్రకారం వ్యక్తి తన తరఫున నిర్ణయాలలో సహాయపడడానికి ఒక నామినేటెడ్ ప్రతినిధిని ఎంచుకోవచ్చు. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం మానసిక వ్యాధి కూడా ఒక వైకల్యమే. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం పొందినవారు పింఛను వంటి ప్రయోజనాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు సదరం శిబిరాలు నిర్వహిస్తారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ-మానస్ సేవలో 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో కూడా సలహా పొందవచ్చు. రోగులేకాక సంరక్షకులు కూడా ఈ సేవను ఉపయోగించుకోవచ్చు.

జాగ్రత్తలు

* సంరక్షకులకే తీవ్రమైన కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఉంటే ముందుగా మనోవైద్యుని సంప్రదించాలి. మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ దానికి ప్రత్యామ్నాయం కాదు.
* ఇంట్లో దెబ్బలు తిన్నవారికి, తీవ్రమైన భయానక అనుభవాలున్నవారికి మౌనంగా కూర్చున్నప్పుడు ఆ జ్ఞాపకాలు తిరిగిరావచ్చు. అటువంటివారు అనుభవజ్ఞుడైన శిక్షకుని వద్దనే నేర్చుకోవాలి. ఇబ్బంది కలిగితే సాధన ఆపే స్వేచ్ఛ వారికి ఉండాలి.
* రోగి తోబుట్టువులకు, సంతానానికి ఇదే వ్యాధి వచ్చే అవకాశం సామాన్య జనంకంటే ఎక్కువ. తమలో అటువంటి లక్షణాలు ఎప్పుడైనా కనిపించినవారు దీర్ఘమైన మౌన శిబిరాలకు వెళ్ళేముందు వైద్యుని అడగాలి.
* రోగికి అదే సాధనను బలవంతంగా చేయించరాదు. మానసిక వ్యాధులున్నవారికోసం బ్రిటనులో పాల్ చాడ్విక్ వంటి మనస్తత్వవేత్తలు తక్కువ నిడివితో ప్రత్యేకమైన పద్ధతిని రూపొందించారు. దానిని శిక్షణ పొందిన నిపుణులు మాత్రమే నిర్వహిస్తారు.
* ఇంట్లో హింస జరిగే ప్రమాదం ఉన్నప్పుడు ముఖ్యమైనది అందరి భద్రత, వైద్యసహాయం. ఓర్పుతో గమనిస్తూ ఉండడం అప్పుడు సరైన స్పందన కాదు.

విమర్శలు

మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణపై వచ్చిన ముఖ్యమైన విమర్శ సామాజికమైనది. మందులు దొరకకపోవడం, పగటి సంరక్షణ కేంద్రాలు లేకపోవడం, కూలి పోగొట్టుకోవడం వంటి కారణాలతో కలిగే బాధను వ్యక్తి మనసులోని లోపంగా చూపి, దానిని సరిదిద్దుకొనే బాధ్యతను కూడా ఆ వ్యక్తిపైనే మోపడం న్యాయం కాదని విమర్శకులు అంటారు. ఇప్పటికే తీరిక లేని తల్లికి రోజూ ధ్యానం చేయాలన్న మరొక పని చేరితే, చేయలేకపోయినందుకు మరొక అపరాధభావం కూడా చేరుతుంది.

బౌద్ధ సాధనను దాని నీతి నియమాలనుండి విడదీసి కేవలం ఒత్తిడికి మందుగా మార్చారన్నది మరొక విమర్శ. దీనికి సమాధానంగా, మతంతో ముడిపెట్టకపోవడం వలననే ఆసుపత్రులలో అన్ని మతాలవారికి దీనిని అందించడం సాధ్యమైందని సమర్థకులు చెబుతారు.

సంరక్షకులకు ప్రధానంగా కావలసినవి రోగికి క్రమం తప్పని వైద్యం, వ్యాధిపై సరైన అవగాహన, ఆర్థిక ఆసరా, కొంతకాలమైనా బాధ్యతనుండి విశ్రాంతి. వీటితోపాటు అందినప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ మేలు చేయగలదు. వాటికి బదులుగా ఇచ్చినప్పుడు అది సంరక్షకుల భారానికి మరొక బరువుగా మారవచ్చు.

ఇవి కూడా చూడండి

* స్కిజోఫ్రీనియా
* ధ్యానం
* విపస్సన
* యోగా
* మానసిక ఒత్తిడి